పికప్ బండికి మారు సైలెన్సరు ఎన్నుకొనుట

కూరగాయలు యార్డుకు, ఎరువులు చేనికి చేరవేయుటకు పికప్ బండ్లు వాడు రైతులు నేడు చాలా గ్రామములలో కలరు. బండి కొన్నియేండ్లు తిరిగిన పిమ్మట సైలెన్సరు చిల్లులు పడుట సామాన్యము. అప్పుడు కంపెనీ సామాను కొనవలెనా, బజారులో దొరకు మారు సామాను కొనవలెనా అను ప్రశ్న వచ్చును. బజారు సామానంతయు చెడ్డది కాదు. కాని ధర ఒక్కటే చూచి కొన్నచో నష్టమే.

ఇంజనులో వాల్వు తెరచుకొనగానే వేడి పొగ గొప్ప ఒత్తిడితో బయటికి దూకును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 1500 సార్లు తిరుగునప్పుడు ఇట్టి విసురులు సెకనుకు 50 వచ్చును. వాటిని మెత్తపరచుటయే సైలెన్సరు పని. ఒక రకములో డబ్బాను అడ్డురేకులతో గదులుగా చేసి, చిల్లుల గొట్టముల ద్వారా పొగను గదినుండి గదికి మలుపులు తిప్పుదురు. వేరొక రకములో చిల్లుల గొట్టము ఒకటి నేరుగా పోవును. దాని చుట్టును గాజుదూది కూరుదురు. ఇందు పొగకు అడ్డు తక్కువే. అయితే డీజిలు ఇంజను లావు మోతను అణచుటకు గదుల రకమే మేలు. పైగా మసి పట్టిన గాజుదూది క్రమముగా పని మానును. సరకు బండికి గదుల రకమునే కొనవలెను. అడ్డురేకులు కోసివేసినచో ఇంజనుకు ఊపిరి ఆడి మైలేజి పెరుగునని చెప్పు మెకానిక్కులు కలరు. ఆ మాట నమ్మినవారికి తప్పక పెరుగునది మోతయే.

కొనుటకు ముందు పాతదాని పొడవు, గొట్టము వ్యాసము, రబ్బరు హేంగర్ల చోటులు కొలిచి వ్రాసికొనుడు. 50 మి.మీ. గొట్టమునకు బదులు 40 మి.మీ. గొట్టము వేసినచో పొగ పోవు దారి మూడవ వంతునకు పైగా తగ్గును. బరువుతో గట్టు ఎక్కునప్పుడు ఇంజను లాగలేక నల్లపొగ కక్కును.

ఇక రేకు సంగతి. లీటరు డీజిలు మండినచో సుమారు లీటరు నీరు ఆవిరిగా పుట్టును. దూరప్రయాణములో గొట్టము బాగా కాగి ఆవిరి బయటికి పోవును. చేనినుండి ఊరికి రెండు కిలోమీటర్లు నడచి ఆగు బండిలో అది చల్లబడి డబ్బాలోనే నిలిచి, లోపలినుండి తుప్పు పట్టించును. తక్కువ తిరిగిన బండి సైలెన్సరు ముందుగా పోవుటకు కారణమిదే. పైన పూసిన నల్లరంగు లోపలి తుప్పును ఆపజాలదు. అల్యూమినియం పూత రేకు గాని, స్టెయిన్‌లెస్ గాని మన్నును. అయస్కాంతము అంటుకొన్నది గనుక స్టెయిన్‌లెస్ కాదనుట పొరపాటు. సైలెన్సర్లకు వాడు స్టెయిన్‌లెస్‌లో అంటుకొను రకములు కలవు. డబ్బా అడుగున సన్నని చిల్లు ఉన్నచో అది నీరు కారుటకే. వెల్డింగుతో మూయించరాదు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి-6 ప్రకారము తయారైన డీజిలు పికప్పులలో సైలెన్సరుకు ముందు కేటలిటిక్ కన్వర్టరు, మసి వడపోత ఉండును. సైలెన్సరు మార్చు నెపమున వీటిని తీయనీయరాదు. కన్వర్టరులో ప్లాటినము వంటి విలువైన లోహములుండును గనుక తీసిన సామానునంతయు ఇంటికి తెచ్చుకొనుడు. వడపోత తనలోని మసిని అప్పుడప్పుడు తానే కాల్చుకొనును. అప్పుడు లోపలి వేడి సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును. ఆ సమయమున బండిని ఎండుగడ్డిపై నిలిపినచో నిప్పంటుకొనవచ్చును. వరిగడ్డి మోయు బండికి వేడిని కాచు రేకు కవచము ఊడిపోయినచో, సైలెన్సరుతోపాటు దానిని కూడ బిగింపించవలెను.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి ప్రకారము ట్రాక్టరుతో సహా ప్రతి మోటారు వాహనమునకు సైలెన్సరు ఉండవలెను. పొగగొట్టము డీజిలు పైపుకు 35 మి.మీ. లోపున ఉండరాదు. కొత్తది బిగించినప్పుడు ఈ దూరమును మీరే కొలిచి చూడుడు.

పాత గ్యాస్కెట్టు తిరిగి వేయనీయరాదు. అతుకు కారినచో పొగ డ్రైవరు గదిలోనికి ఎక్కును. ఇంజను ఆపక సీటులో నిద్రించువారికి అది ప్రాణాపాయము. చల్లని ఇంజనును నడిపించి, గొట్టము చివర తడిగుడ్డను క్షణకాలము అదిమినచో కారుచోట బుసబుస వినవచ్చును. రెండు మూడు దినములు తిరిగిన పిమ్మట, బండి చల్లారినప్పుడు, బోల్టులను మరల ఒకసారి బిగించవలెను.