పాత స్పోర్ట్స్ కారుకు కొత్త సస్పెన్షన్

1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం కారును ఉదాహరణగా తీసుకుందాం. దాని నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంటుంది. స్ప్రింగు కారు బరువును మోస్తుంది. డాంపరు స్ప్రింగు ఊగిసలాటను అణచుతుంది. గట్టి స్ప్రింగు వేసి అరిగిన డాంపరును ఉంచితే, గతుకుల మీద కారు ఎగిరెగిరి పడుతుంది. అందువల్ల రెండింటినీ జతగా ఎంచుకోండి. కుడి, ఎడమ చక్రాలకు ఒకేసారి మార్చండి.

కారును జాకీపై వదిలేయక, స్టాండ్లపై నిలపండి. స్ప్రింగును కంప్రెసర్‌తో అదిమిన తరువాతనే డాంపరు పై నట్టు విప్పండి. లేకపోతే స్ప్రింగు ఎగిరి ప్రాణం మీదికి రావచ్చు.

వదులు చేసిన విష్‌బోన్ బోల్టులను చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకండి. అలా బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాలపై పడ్డాకనే బిగించండి. చివరగా వీల్ అలైన్‌మెంట్ చేయించండి.