ఇసుక ఖాతాలో జమ ఎంత?

మణికొండ: ఇక్కడ లేస్తున్న బహుళ అంతస్తుల భవనాలకు గోదావరి ఇసుక 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రావాలి. ధర పెరిగినప్పుడల్లా వ్యాపారులు డీజిలు, లారీ కిరాయిల లెక్క చెబుతారు. అసలు సరుకు ఎంత ఉందో తేల్చవలసినది మాత్రం భూగర్భ శాస్త్రజ్ఞులే.

నదిలో ఇసుక బ్యాంకు ఖాతా వంటిది. వరద జమ చేస్తుంది, రీచ్‌లు ఖర్చు చేస్తాయి. జమను మించి తోడితే నది అడుగు దిగి, ఒడ్డునున్న బావుల్లో నీటిమట్టం పడిపోతుంది. అందుకే కేంద్ర ప్రభుత్వం 2020లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం వర్షాకాలానికి ముందు, తరువాత నది అడుగును కొలిచి, కొత్తగా చేరిన ఇసుకను లెక్క కట్టాలి. తవ్వకాల అనుమతి ఆ లెక్కకు లోబడే ఉండాలి.

రాతిని నలిపి చేసే రోబో ఇసుకకు 2016లో సవరించిన ఐ.ఎస్. 383 ప్రమాణం చోటిచ్చింది. అయితే హైదరాబాదు గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. నదికి ఏటా ఎంతో కొంత జమ ఉంటుంది. కొండకు ఖర్చే గాని జమ లేదు.

కీలక ఖనిజాల విషయంలో ఐరోపా యూనియన్ 2024లో ఇదే బాట పట్టింది. సభ్యదేశాలన్నీ అన్వేషణ కార్యక్రమాలు రూపొందించాలని, 2030 నాటికి అవసరాల్లో 25 శాతం వాడిన సరుకును శుద్ధిచేసి పొందాలని చట్టం చేసింది. మన జీడిమెట్లలోనూ కూల్చివేతల శిథిలాల నుంచి ఇసుక, కంకర తీసే కర్మాగారం రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో 2020లో ప్రారంభమయింది.

శిథిలాల ఇసుకకు గిరాకీ పెరిగితే నదిపై ఒత్తిడి తగ్గుతుంది. అంతవరకు కొనుగోలుదారులు లారీ కిరాయితో పాటు వరద తరువాతి సర్వే అంకెనూ గమనించడం మంచిది. రాబోయే ధర అందులోనే ఉంది.