ఏ చెట్టు ఆకు, ఏ చెట్టు కాయ?

మా ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది కొండగట్టు చుట్టుపక్కల గుట్టల కింద ఊళ్లవారే. పేషెంటు వాంతులతోనో, మగతగానో వస్తే డాక్టరుగారు మొదట అడిగేది "ఏం తిన్నాడు?" అని. "ఏదో పసరు పోసిండ్రు సిస్టరమ్మా" అంటారు. ఏ చెట్టు పసరని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కొందరికి నిజంగానే తెలియదు. కొందరు తిడతామని దాస్తారు. ఆ భయానికి మేమూ కొంత కారణమే, కాదనను.

కొన్నేళ్ల క్రితం ఆరేడేళ్ల బాబును రాత్రిపూట తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, ముఖం ఎర్రబడింది, నోరు ఎండిపోయింది. కనిపించని దేన్నో గాలిలో పట్టుకోబోతూ ఏదేదో మాట్లాడుతున్నాడు. గాలి సోకిందని ఇంట్లోవారు అప్పటికే తాయెత్తు కట్టించారు. టార్చి వేసి చూస్తే కనుపాపలు బాగా పెద్దవిగా ఉన్నాయి. అంతలో వాళ్ల నాయనమ్మ కొంగుముడి విప్పి, పిల్లవాడి జేబులో దొరికిందని ఒక ముళ్ల కాయ చూపించింది. అది ఉమ్మెత్త కాయ. ఆ కాయ చూశాక ఏం చేయాలో తెలియడానికి ఎక్కువ సమయం పట్టలేదు. మూడో రోజుకు బాబు ఇంటికి వెళ్లాడు.

చెట్టును గుర్తుపట్టడం చదువుకున్నవారి పని అనుకోకండి. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు తెచ్చే ఆడపిల్లలకు అవి ఏవో ఎవరూ చెప్పనక్కరలేదు. తునికాకు కోసేవారు అడవిలో దూరం నుంచే తునికి చెట్టును పోల్చుకుంటారు. ఆ చూపునే ఇంకొంచెం నిదానంగా వాడాలి. కాడకు ఒకే ఆకు ఉందా, చింతాకులా చిన్నచిన్న రేకులు జతలుగా ఉన్నాయా? కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి ఇటు ఒకటి అటు ఉన్నాయా? తుంచితే పాలు వస్తాయా? ఆ తరువాత పువ్వు, కాయ చూడాలి. ఆకు ఒక్కటే చూస్తే పొరపాటు పడతాం. మోదుగుకూ మారేడుకూ మూడేసి ఆకులే, కానీ ఆ రెండూ ఎంత వేరో మీకు తెలుసు. ఒక్క హెచ్చరిక: రుచి చూసి గుర్తుపట్టే ప్రయత్నం ఎప్పుడూ చేయవద్దు.

తంగేడును పోలిన మొక్క ఒకటుంది, కసివింద. రోడ్ల పక్కన, పాడుబడిన దొడ్లలో వానలకు గుబురుగా మొలుస్తుంది. రెండింటికీ పసుపు పూలే, రెండింటికీ జతజతలుగా ఆకురేకులే. తేడా ఇలా చూడండి. తంగేడు రేకులు చిన్నవి, కొసన గుండ్రంగా ఉంటాయి, ఎనిమిది నుంచి పన్నెండు జతలుంటాయి. కాడ మొదట్లో చెవి ఆకారంలో చిన్న రేకు కనిపిస్తుంది. కసివింద రేకులు పెద్దవి, కొస సూదిగా ఉంటుంది, నాలుగు నుంచి ఆరు జతలే. నలిపితే చెడు వాసన వస్తుంది. తొలకరికి మనం కూరగా వండుకునే తగిరంచకు మూడు జతలే, కొస వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది. కూరకు కోసేటప్పుడు జతలు లెక్కపెట్టండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కసివింద కాయల్లోని గింజలు చిన్నపిల్లల ప్రాణం తీస్తాయి. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఏటా పిల్లలు మెదడు జ్వరంలాంటి జబ్బుతో చనిపోతుంటే, దానికి కసివింద గింజలే కారణమని అక్కడి వైద్యులు 2007 ప్రాంతంలో తేల్చారు. మన సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో 2016లో ఎంతోమంది పిల్లలు మరణించినప్పుడు కూడా, కొందరి విషయంలో నిపుణులు ఇదే మొక్కను అనుమానించారు. మొదట వాంతులు, తరువాత స్పృహ తప్పడం, ఫిట్స్. కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతింటాయి. ఆకలిగా ఉన్న పిల్లలు పచ్చికాయలు వలుచుకొని చిక్కుడు గింజల్లా తినేస్తారు. ఇంటి చుట్టూ ఉంటే కాయ కాయకముందే పీకేయండి.

కంచెల్లో ఉండే అడవి ఆముదం సంగతి కూడా తెలుసుకోవాలి. దీనినే కొన్ని ఊళ్లలో నేపాళం అంటారు, కొన్నిచోట్ల ఆ పేరు వేరే మొక్కది. ఊరికో పేరు ఉంటుంది కాబట్టే పేరుకన్నా మొక్కను చూపించడం మేలు. మామూలు ఆముదం ఆకు చేతివేళ్లలా లోతుగా చీలి, అంచులు రంపంలా ఉంటాయి, కాయ సాధారణంగా ముళ్లతో ఉంటుంది. అడవి ఆముదం ఆకు చీలికలు లోతుగా ఉండవు, అంచు నునుపు, కాయ కూడా నునుపే. లోపలి పప్పు రుచిగా ఉంటుంది కాబట్టి ఒక పిల్లవాడు తింటే మిగతావారూ తింటారు. నలుగురైదుగురు పిల్లలు ఒకేసారి వాంతులతో వస్తే మాకు ముందుగా అనుమానం దీని మీదే.

గన్నేరుల్లో ఎర్రది, తెల్లది అయితే ఒక్కో కణుపుకు మూడేసి ఆకులు. పచ్చగన్నేరుకు సన్నని ఆకులు కొమ్మ చుట్టూ ఒత్తుగా ఉంటాయి, పసుపు పువ్వు గంటలా ఉంటుంది. రెండూ గుండె మీద పనిచేస్తాయి. తిన్నవారు మొదట బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. "బాగానే ఉన్నాడు, ఇంటికి తీసుకుపోతాం" అని దయచేసి తొందరపడవద్దు. వానాకాలంలో ఎరుపు పసుపు కలిసిన మంటలాంటి పువ్వు పూసే తీగ అడవినాభి. దాని ఆకు కొస నులితీగలా చుట్టుకొని ఉంటుంది. దుంపను చిలగడదుంప అనుకొని తినడం ప్రమాదం.

వినాయక చవితికి పిల్లలు పత్రి కోసుకొస్తారు. ఆ ఇరవై ఒక్కటిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ ఉన్నాయి. పెద్దలు వెంట ఉండి, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, తరువాత చూపు మసకబారుతుంది. వెంటనే పావుగంటసేపు మంచినీళ్లతో కడిగి తీసుకురండి.

ఎవరైనా ఏదైనా తిన్నారని తెలిస్తే ఉప్పునీళ్లు, చింతపండు రసం తాగించి వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేయండి. ఒకరు పేషెంటుతో రండి, ఇంకొకరు ఆకు, పువ్వు, కాయ ఉన్న రెమ్మ తుంచి పాత న్యూస్ పేపరులో చుట్టి తెండి. ప్లాస్టిక్ కవరులో వేస్తే ఉడికిపోయి నల్లబడుతుంది. సెల్‌ఫోను ఉంటే ఆకు పైభాగం, అడుగుభాగం, చెట్టు మొత్తం ఫోటో తీయండి. నాటు మందు పోసి ఉంటే మిగిలిన పసరు సీసా కూడా తెండి. వార్డులో ఆ సీసా మా చేతికిచ్చినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.