మెగ్నీషియం: మోతాదులోనే మేలు
విశాఖ ఓడరేవు ఎండలోనూ, బ్లాస్ట్ ఫర్నేస్ వేడిమిలోనూ చెమటోడ్చే సోదరులు కొందరు కండరాలు పట్టేస్తే మెగ్నీషియం మాత్రలు తామే కొని వాడుతున్నారని వింటున్నాము.

ఈ ఖనిజం విలువ తెలియాలంటే మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించాలి. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో కండరాలలోని ఏటీపీ అనే పదార్థాన్ని వెల్లడించారు. దేహానికి శక్తినందించే ఆ ఏటీపీ మెగ్నీషియంతో జతకూడి పనిచేస్తుందని తదుపరి పరిశోధనలు తేల్చాయి.

ఆకుకూరలు, రాగులు, పెసలు, బాదంపప్పులలో మెగ్నీషియం పుష్కలం. దేహంలో అధికమైనదాన్ని మూత్రపిండాలు విసర్జిస్తాయి. అవి దెబ్బతిన్నవారికి ఈ మాత్రలు ప్రాణాంతకం కావచ్చు. పైగా కండరాలు పట్టేయడానికి కారణాలు అనేకం.

దేహం అల్లాహ్ మనకప్పగించిన అమానతు. వైద్యుని సలహా లేనిదే మాత్ర ముట్టవద్దని మా విన్నపం.