మీకు తెలుసా? బండే ఇల్లు, సంతే చిరునామా

బ్రిటన్‌లో రంగులరాట్నాలతో ఊరూరా తిరిగిన కుటుంబాల వంశవృక్షం గీయాలంటే సొంతూరు వెతికి లాభం లేదు, సంతల క్యాలెండర్ పట్టుకోవాలి. ఒకే తల్లి బిడ్డలు తలా ఒక ఊళ్లో పుట్టి ఉంటారు. అక్టోబరులో పుట్టిన బిడ్డయితే ఆ నెల సంతలైన నాటింగ్‌హామ్ గూస్ ఫెయిర్, హల్ ఫెయిర్ వైపు ముందు చూడొచ్చు. పాత జనగణన పుస్తకాల్లో ఇళ్ల వరుసలో పేరు దొరక్కపోతే చివరి పేజీలు తిప్పండి. జనగణన రాత్రి బళ్లలో, డేరాల్లో పడుకున్నవాళ్లను చాలాసార్లు అక్కడే రాసేవారు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది 1904లో మొదలైన ‘వరల్డ్స్ ఫెయిర్’ పత్రిక: ఎవరి రాట్నం ఎక్కడ తిరుగుతోందో, ఎవరింట పెళ్లో, ఎవరు పోయారో అన్నీ అందులోనే! షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో వీళ్ల ఫొటోలకు, కాగితాలకు ప్రత్యేక భాండాగారమే ఉంది.