తల తెగిన గంట

1948 అక్టోబరు 5న ఫ్రెంచి రేడియో ఒక వింత కార్యక్రమం ప్రసారం చేసింది. దాని పేరే ‘రొదల కచేరీ’. పారిస్‌లోని బాతిన్యోల్ స్టేషన్లో రికార్డు చేసిన రైలింజన్ల కూతలనూ పెట్టెల దడదడలనూ ముక్కలుగా విడదీసి, వరస మార్చి పేర్చిన రచన అందులో ఒకటి. నిడివి మూడు నిమిషాల లోపే. చేసినాయన పియేర్ షేఫర్, వృత్తిరీత్యా రేడియో ఇంజనీరు. అప్పటికి పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోనే ఉంది; 1954 నవంబరు 1న గానీ భారత్ చేతికి రాలేదు. షేఫర్ కిటుకులు సరిచూసుకోవాలంటే ఈ ఊరు భేషుగ్గా సరిపోతుంది. ఇక్కడ గంటలున్నాయి, సముద్రముంది. ఆ రెండింటి తత్వాలు పూర్తిగా వేరు.

ముందు గంట సంగతి. ఆ రోజుల్లో షేఫర్‌కు టేపు లేదు, రికార్డు పళ్లాలే. గంట కొట్టించి, దెబ్బ పడ్డాక మాత్రమే మైకును తెరిచాడు. మొదలు పోయి తోక మాత్రమే చిక్కింది. తగ్గిపోతున్న ధ్వనిని మీట తిప్పి ఎత్తి పట్టాడు. విని చూస్తే అది గంటలా లేదు, ఓబోలా ఉంది. ఓబో అంటే మన నాదస్వరంలాగే జంట పీకతో ఊదే వాయిద్యం.

ఎందుకిలా? గంట నాలుక తగిలిన క్షణంలో లోహంలోంచి ఎన్నో పౌనఃపున్యాలు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. కాసేపటికే వాటిలో చాలా భాగం చచ్చిపోతాయి. మిగిలేది నిదానంగా సాగే నాలుగైదు స్వరాల గుంపు. ‘ఇది గంట’ అని పోల్చుకోవడానికి మన చెవి ఎక్కువగా ఆ మొదటి దెబ్బనే పట్టుకుంటుంది. దాన్ని తీసేస్తే ఆనవాలు పోతుంది.

ఇవాళ ఇది పిల్లలాట. పుదుచ్చేరి రైల్వే స్టేషను దగ్గరి సేక్రెడ్ హార్ట్ బసిలికా గంటను వీధిలో నిలబడి రికార్డు చేయండి. ఉచితంగా దొరికే ఆడాసిటీలో తెరిచి, మొదటి ముక్క కోసేయండి. కోసిన చోట ‘టప్’మని చప్పుడొస్తుంది, ఎందుకంటే తరంగం హఠాత్తుగా మొదలవుతుంది, పది మిల్లీసెకన్ల పాటు ధ్వనిని సున్నా నుంచి మెల్లగా పైకి తెస్తే అది పోతుంది. ఖరీదైన ఎఫెక్టులు కొనేముందు ఈ కత్తిరింపు ఒక్కటి చేతికి అలవాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సముద్రం దగ్గర మాత్రం ఈ కత్తెర పారదు. దాని హోరుకు తలా తోకా ఉండవు. అందులో మోగేదంతా బుడగలే. అల విరిగినప్పుడు నీటిలో చిక్కిన ప్రతి గాలిబుడగా ఒక చిన్న గంటే. దాని స్వరాన్ని లెక్కగట్టే సూత్రాన్ని డచ్చి శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ 1933లో ఇచ్చాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ సెకనుకు సుమారు 3,300 సార్లు కంపిస్తుంది. సెంటీమీటరుదైతే 330 సార్లే. లక్షల బుడగలు తలో క్షణాన మోగడమే హోరు.

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో ఇంకో విశేషం. రేవు కట్టాక ఇసుక కదలిక ఆగి తీరం కోసుకుపోయింది, బండరాళ్లు పేర్చారు. 2018లో నీటి అడుగున ఉక్కు దిబ్బ దింపాక ఒక పక్క మళ్లీ ఇసుక మేట వేసింది. అందుకే ఒకే వీధిలో రెండు సముద్రాలు వినిపిస్తాయి: రాళ్ల మీద దబ్బున పడేది, ఇసుక మీద సుయ్యిమని పరుచుకునేది. మొదటిదానికి తల ఉంది, రెండోదానికి లేదు. సాయంత్రం నుంచి వాహనాలు రానివ్వరు గనక రికార్డింగుకు అదే అదను. మైకుకు బొచ్చు తొడుగు మరవొద్దు. గాలి మైకును తాకి సుడి తిరగడం వల్ల పుట్టే బరబర ఒకసారి రికార్డులోకి చేరిందంటే పూర్తిగా వదలదు.

తల లేనిదాన్ని మలచడానికి వేరే దారి ఉంది. శబ్దాన్ని ఇరవై ముప్పై మిల్లీసెకన్ల రవ్వలుగా తరిగి, ఒకదాని మీదొకటి వేలకొద్దీ చల్లడం. కెనడా స్వరకర్త బారీ ట్రూవాక్స్ 1986లో ‘రివర్‌రన్’ అనే రచనను ఇలాంటి రవ్వలతోనే చేశాడు, కాకపోతే అవి కంప్యూటర్లో పుట్టించినవి. ఇప్పుడు ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ల్యాప్‌టాప్ మీదే ప్రత్యక్షంగా వాయించవచ్చు.

అయితే రేడియో తనకు దొరికినంతే మోస్తుంది. మన మీడియం వేవ్‌లో స్టేషనుకు 9 కిలోహెర్ట్జ్ జాగా. శబ్దానికి దక్కేది అందులో సగం. అంటే ముప్పావు మిల్లీమీటరు కన్నా చిన్న బుడగల ధ్వని రాదు, ఇసుక మీది సుయ్యిమనే నురుగు మొద్దుబారుతుంది. ఎఫ్‌ఎం 15 కిలోహెర్ట్జ్ దాకా మోస్తుంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం కమ్యూనిటీ రేడియో ‘పుదువై వాణి’ 107.8 మీద వస్తుంది. ఇలాంటి స్టేషన్లలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలని ప్రభుత్వ నిబంధన. వీధి శబ్దాలతో పనిచేసేవాళ్లకు అంతకన్నా మంచి తలుపు ఉండదు.

ప్రసారంలో కంప్రెసరనే పరికరం గట్టి ధ్వనిని అణచి, సన్నదాన్ని ఎత్తుతుంది. అలకూ అలకూ నడుమ ఉన్న నిమ్మళం కాస్తా దాదాపు అలంత గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి గట్టిదనంతో కాక నాదం రంగుతో తేడా చూపించాలి: రాళ్ల దెబ్బ పక్కన తల తెగిన గంట, దాని పక్కన ఇసుక నురుగు. శ్రోతలు చాలామంది ఫోను స్పీకర్‌లోనే వింటారు, 300 హెర్ట్జ్ దిగువన ఆ చిన్న స్పీకర్ దాదాపు మూగదే. అలల బరువైన దబ్బు అక్కడ మాయమై, దాని మొదట్లోని చిటపట మాత్రమే మిగులుతుంది. గంటకు కోసినట్టు దీనికీ తల కోశారా, శ్రోతకు రాళ్లూ వినపడవు, సముద్రమూ వినపడదు.