రాలిపోవలసిన కణం రాలనప్పుడు

“డాక్టరమ్మగారూ, ఈ మందు గడ్డను చంపుతోందా, నన్ను చంపుతోందా?” రొమ్ము కేన్సర్‌కు రెండో కీమో ఎక్కించుకున్న ఒక అక్క, దువ్వెనకు చుట్టుకొచ్చిన జుట్టు చూపించి అడిగారు. రౌండ్లలో ఉండి రెండు మాటలు చెప్పి కదిలిపోయాను. అది సరిపోలేదని నాకే అనిపించింది. మిగతాది ఇక్కడ చెబుతాను.

మన శరీరంలో కణాలు పుట్టడం ఎంత అవసరమో, సమయానికి చనిపోవడమూ అంతే అవసరం. తల్లి గర్భంలో రెండో నెలలో బిడ్డ చెయ్యి తెడ్డులా ఉంటుంది. వేళ్ళ మధ్యనున్న కణాలు చనిపోతేనే దేవుడు ఉద్దేశించిన ఐదు వేళ్ళు విడివడతాయి. ఇలాంటి చావుకు 1972లో శాస్త్రవేత్తలు ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆకులు రాలడమని అర్థం.

ఈ పని చేసేవి కాస్పేజులనే ఎంజైములు. ఇవి ప్రోటియేజులు, అంటే మాంసకృత్తులను కత్తిరించేవి. మనం తిన్న పప్పును, మాంసాన్ని కడుపులో అరిగించేవీ ప్రోటియేజులే. అయితే కాస్పేజులు కణం లోపలే, ఒరలో కత్తుల్లా పనిచేయకుండా ఉంటాయి. కణంలోని డి.ఎన్.ఏ. బాగుపడనంతగా చెడితే, మైటోకాండ్రియా నుండి సైటోక్రోమ్-సి అనే పదార్థం బయటికొచ్చి కాస్పేజ్-9ను లేపుతుంది. అది కాస్పేజ్-3ను ఒరలోంచి తీస్తుంది. ఇక ఆపడం కష్టం. కణాన్ని నిలబెట్టే పోగులు తెగుతాయి, డి.ఎన్.ఏ. ముక్కలవుతుంది, కణం ముడుచుకుని చిన్న చిన్న మూటలవుతుంది. వాటిని చుట్టుపక్కల కణాలు మింగేస్తాయి. కాలిన గాయంలో కణాలు పగిలి వాపు వస్తుంది చూడండి, ఇక్కడ అదేమీ ఉండదు.

ఇదంతా బయటపడింది మిల్లీమీటరు పొడవున్న ఒక పురుగులో అంటే నమ్ముతారా! అది పెరిగేటప్పుడు పుట్టే 1090 కణాల్లో 131 చనిపోతాయి, ప్రతి పురుగులోనూ అవే కణాలు. ఆ చావుకు కావలసిన జీన్ ఒక ప్రోటియేజ్‌ను తయారుచేస్తుందని, దాన్ని పోలినది మనిషిలోనూ ఉందని 1993లో రాబర్ట్ హార్విట్జ్ బృందం చూపించింది. 2002లో ఆయనకు మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

కేన్సర్ కణం చెడిపోయినా చావదు. కొన్ని కేన్సర్లు బి.సి.ఎల్-2 అనే గడియను అతిగా తయారుచేసుకుని సైటోక్రోమ్-సిని బయటికి రానివ్వవు. చాలా కీమో మందులు, రేడియేషను చేసేది ఆ కణాన్ని ఇంకా దెబ్బతీసి, దాని కాస్పేజులను అదే లేపుకునేలా చేయడం. 2016లో అమెరికాలో ఒక రక్త కేన్సర్‌కు అనుమతి పొందిన వెనెటోక్లాక్స్ అనే మాత్ర నేరుగా ఆ గడియనే పట్టుకుంటుంది.

మరి జుట్టెందుకు ఊడుతుంది? కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముకల్లోని మజ్జ వేగంగా పెరిగే చోట్లు. మందు దెబ్బ వాటికీ తగులుతుంది, అక్కడా కాస్పేజులు లేస్తాయి. కాని ఆ కణాలు మళ్ళీ పుడతాయి. చాలామందికి చికిత్స అయిన కొన్ని నెలల్లో జుట్టు వస్తుంది. జుట్టు చూసి భయపడి సగంలో మానేస్తే మిగిలిన కేన్సర్ కణాలు మళ్ళీ పెరగవచ్చు. అన్నట్టు, జుట్టు ఊడకపోతే మందు పనిచేయలేదని కూడా అనుకోకండి.

“ఆ ఎంజైమునే మాత్రగా ఇవ్వరాదా అమ్మా?” అని ఆమె భర్త అడిగారు. మింగిన ఎంజైము కడుపులోనే అరిగిపోతుంది, గడ్డ కణంలోకి చేరదు. కేన్సర్‌కని బజారులో అమ్మే ఎంజైము మాత్రలకు డబ్బు పోయకండి.

మజ్జ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కీమో తర్వాత తెల్లకణాలు తగ్గిన రోజుల్లో జ్వరం 100.4 ఫారెన్‌హీట్ డిగ్రీలకు చేరితే, మాత్ర వేసుకుని తెల్లవారేదాకా, ఆదివారమైతే ఆరాధన ముగిసేదాకా ఆగకండి. వెంటనే కేజువాల్టీకి రండి, కీమో నడుస్తోందని గుమ్మంలోనే చెప్పండి.